తమ్ముణ్ని నలుగురిలో అనరాని మాట అన్నాను, ప్రభువు బల్లకు చేయి చాపవచ్చా? – చెన్నై బ్రదర్ ప్రశ్నకు జవాబు

బ్రదర్, మీరు రాసింది సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూడండి. నెల్లూరులో నాన్నగారి ఇల్లు అమ్మాలా ఉంచాలా అన్న తగాదా మీ అన్నదమ్ముల మధ్య చాలా రోజులుగా నలుగుతోంది. మీ తమ్ముడు పోరూరులో ఫ్లాట్ కొనుక్కుని ప్రతిష్ఠ కూడిక పెట్టుకున్న రోజు, భోజనాల దగ్గర ఆ ప్రస్తావన వచ్చింది. అందరూ వింటుండగా మీరు "నీ చదువుకి ఫీజులు కట్టింది నేను, అమ్మకి ఒక్క పూట అన్నం పెట్టావా, నువ్వూ ఒక కొడుకువేనా" అన్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఇద్దరూ ఒకే సంఘానికి వెళ్తున్నారు, ఒకరు కుడి వైపు వరుసలో, ఒకరు ఎడమ వైపు. వాట్సాప్‌లో "సారీ రా" అని పెట్టారు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఇప్పుడు మీరు అడుగుతున్నది: కోపపడటమే పాపమా? అతను ముఖం చూడనంటే నేనింకేం చేయాలి? వచ్చే ఆదివారం సంస్కారపు ఆరాధన ఉంది, బల్ల (ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, పాత్ర) తీసుకోవచ్చా?

ఆదివారం దగ్గర పడుతోంది కాబట్టి చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. ఈ వారంలోనే మీ తమ్ముడి గుమ్మం ఎక్కండి. వెళ్లి, అడగాల్సిన మాట అడిగాక అతను తలుపు వేసేసినా సరే, ఆదివారం బల్ల దగ్గరకు రండి. వెళ్లకుండా మాత్రం రావద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు. అర్పణ తెచ్చి బలిపీఠం ముందు నిలబడినవాడికి, తన మీద తన సహోదరుడికి ఏదో విరోధం ఉందని అక్కడ జ్ఞాపకం వస్తుంది. ప్రభువు అతనితో అర్పణను అక్కడే వదిలి, మొదట వెళ్లి సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమన్నాడు. ఈ మాట ఆయన చెప్పింది గలిలయలో. వింటున్నవాళ్లు గలిలయ పల్లెల రైతులు, జాలరులు. బలిపీఠం ఉన్నదేమో యెరూషలేములో, వంద కిలోమీటర్లకు పైగా దూరం, కాలినడకన మూడు నాలుగు రోజుల ప్రయాణం. పండక్కి అంత దూరం నడిచి వచ్చి, వరుసలో నిలబడి, తీరా తన వంతు వచ్చేసరికి ఊళ్లో ఉన్న అన్న గుర్తొస్తే, మేకపిల్లను అక్కడే వదిలేసి మళ్లీ గలిలయకు నడవాలి. అక్కడ సమాధానపడి తిరిగి యెరూషలేముకు రావాలి. విన్నవాళ్లు ఉలిక్కిపడి ఉంటారు. మీకు పోరూరు ఎంత దూరం?

ఆ వచనంలో ఇంకొకటి ఉంది, దాన్ని మన ప్రసంగాల్లో తరచుగా దాటేస్తుంటాం. లేచి వెళ్లాల్సింది నొచ్చుకున్నవాడని అక్కడ లేదు. ఎవరి మీద ఇంకొకరికి విరోధం ఉందో వాడే వెళ్లాలి. మీ మాటల్లో చెప్పాలంటే, అన్నవాడే కదలాలి. పదమూడు అధ్యాయాల తర్వాత మత్తయి 18:15లో నొచ్చుకున్నవాడికి కూడా ఆజ్ఞ ఉంది: నీ సహోదరుడు నీ యెడల తప్పిదం చేస్తే నువ్వు వెళ్లి ఒంటరిగా అతనితో మాట్లాడు అని. రెండూ కలిపి చదివితే ఎవరికీ కూర్చునే వీలు లేదు. "నేను పెద్దవాణ్ని, వాడే రావాలి" అనుకునే చోటు గానీ, "అన్నది ఆయన, ఆయనే రావాలి" అనుకునే చోటు గానీ ప్రభువు మిగల్చలేదు. మీ తమ్ముడి ఆజ్ఞ సంగతి మీ తమ్ముడు చూసుకుంటాడు. మీది మీరు చూసుకోండి.

మన సంఘాల్లో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. గొడవపడ్డవాళ్లు నెలల తరబడి బల్ల తీసుకోకుండా కూర్చుంటారు, అదేదో భక్తి అన్నట్టు. పాత్ర దగ్గరకు వస్తుంటే తల దించుకుంటారు, పక్కవాళ్లు "పాపం, మనస్సాక్షి గల మనిషి" అనుకుంటారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అర్పణ వదిలి ఇంటికి పొమ్మని ప్రభువు చెప్పలేదు, సహోదరుడి దగ్గరకు వెళ్లి తిరిగి రమ్మన్నాడు. పౌలు కూడా 1 కొరింథీయులు 11:28లో తన్ను తాను పరీక్షించుకుని, ఆ తర్వాత రొట్టె తిని పాత్రలోది తాగమన్నాడు. పరీక్షించుకుని మానేయమనలేదు. ఆ అధ్యాయంలో ఆయన కొరింథువాళ్లను గద్దించిన కారణం కూడా చూడండి. ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను సిగ్గుపరిచారు. బల్ల దగ్గర సహోదరుణ్ని సిగ్గుపరచడమే అక్కడి పాపం. మీరు చేసింది భోజనాల బల్ల దగ్గర కాబట్టి ఆ అధ్యాయం మొత్తం ఒకసారి నిదానంగా చదవండి.

తొలినాటి క్రైస్తవులు దీన్ని అక్షరాలా పాటించారు. అపొస్తలుల తర్వాతి తరాల్లో రాసిన డిడాకే అనే చిన్న పుస్తకం 14వ భాగంలో, తోటివాడితో తగాదా ఉన్నవాళ్లు సమాధానపడేదాకా రొట్టె విరిచే కూడికలో చేరకూడదని ఉంది, అర్పణ అపవిత్రం కాకుండా ఉండటానికి. మన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) కోసం 1950లో తయారైన ఆరాధన క్రమంలో, బల్లకు ముందు సమాధానాన్ని చేతుల నుంచి చేతులకు అందించే పద్ధతిని తిరిగి తెచ్చారు. కేరళ సిరియన్ సంఘాల్లో అది ఎప్పటి నుంచో ఉంది. చాలామందికి అదిప్పుడు పక్కవాడికి చేతులు కలిపి నవ్వే నిమిషం అయిపోయింది. అసలు ఉద్దేశం ఆ వరుసలో అటు చివర కూర్చున్న మీ తమ్ముడే.

ఇక కోపం. కోపమే పాపమైతే మార్కు 3:5ను ఏం చేయాలి? సమాజమందిరంలో ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడు నిలబడి ఉన్నాడు, విశ్రాంతి దినాన స్వస్థపరుస్తాడేమో, నేరం మోపుదామని కొందరు కాచుకుని ఉన్నారు. యేసు వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడి, కోపంతో వాళ్లను కలయజూశాడు. పౌలు కూడా ఎఫెసీయులు 4:26లో "కోపపడుడి గాని పాపము చేయకుడి" అన్నాడు. కోపం వస్తుంది, రావాలి కూడా. బలహీనుడికి అన్యాయం జరుగుతుంటే కోపం రాని మనిషిని నేను పరిశుద్ధుడనుకోను. కాకపోతే మార్కులో ఆ వచనం ఎక్కడ ఆగిందో చూడండి. ప్రభువు కోపంలోనే దుఃఖం ఉంది. ఆ కోపం తన కోసం కాదు, పక్కన నిలబడ్డ రోగి కోసం. అది ముగిసింది ఒక చెయ్యి బాగుపడటంతో.

మీ కోపాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అందులో న్యాయమైన భాగం ఉందనే నేను అనుకుంటున్నాను. అమ్మ మీ దగ్గరే ఉంటోంది, మందులు, ఆసుపత్రి, రాత్రిళ్లు లేవడం, అన్నీ మీ భార్యాభర్తల మీదే పడ్డాయి. స్వకీయులను సంరక్షించని వాడి గురించి 1 తిమోతి 5:8 చాలా కఠినంగా మాట్లాడుతుంది. కాబట్టి మీ ఫిర్యాదు నోరు మూయించాల్సింది కాదు. అయితే ఆ ఫిర్యాదు అమ్మ కోసమే అయితే, దాని చోటు అమ్మ గదిలో, మీ ఇద్దరి మధ్య. అతని అత్తమామలూ, ఆఫీసువాళ్లూ, పాస్టర్ గారూ ఆకుల ముందు కూర్చున్న చోట అది బయటికొచ్చిందంటే, అప్పటికది అమ్మ కోసం కాకుండా పోయింది. "నరుని కోపము దేవుని నీతిని నెరవేర్చదు" అని యాకోబు తన పత్రికలో రాసింది సరిగ్గా ఇలాంటి చోటే. ఆ మాటల వల్ల అమ్మకు ఒక్క పూట అన్నం కూడా అదనంగా రాలేదు. పైగా ఇప్పుడు చిన్న కొడుకు ఆమెను చూడటానికి కూడా రావడం లేదు.

సూర్యుడు అస్తమించే వరకు కోపం నిలిచి ఉండకూడదన్న పౌలు మాట మనకు కంఠతా వచ్చు. ద్వితీయోపదేశకాండము 24:15లో కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయాలని ఉంది, అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు గనుక. పౌలు మాట చదివినప్పుడల్లా నాకు ఆ కూలివాడు గుర్తొస్తాడు. కోపంలో అన్న మాట ఆ రోజే తీర్చాల్సిన బాకీ. మర్నాటికి ఉంచితే అవతలివాడు ఆ రాత్రి దానితోనే పడుకోవాలి. మీరు నెలలు ఉంచారు. దీన్ని మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. "కాలమే మాన్పుతుంది లెండి" అని మీకు చెబుతున్న బంధువుల మాట వినొద్దని చెప్పడానికి రాస్తున్నాను.

అసలు గాయం చేసింది కోపం కంటే మాట. దీని దగ్గర కొంచెం ఆగాలి.

మత్తయి 5:22లో ప్రభువు నరహత్య గురించిన ఆజ్ఞను తీసుకుని, దాని కిందికే కోపాన్నీ, సహోదరుణ్ని "వ్యర్థుడా" అనడాన్నీ, "ద్రోహీ" అనడాన్నీ తెచ్చాడు. అవి పెద్ద బూతులేమీ కావు. ఇంట్లో, వీధిలో రోజూ దొర్లే మాటలే. వాటిలో ఉన్న విషం ఏమిటంటే, అవి మనిషి చేసిన పనిని వదిలి మనిషినే కొట్టేస్తాయి. "నువ్వు ఈ నెల అమ్మ మందులకు డబ్బు పంపలేదు" అన్నది పని గురించిన మాట, దానికి జవాబు ఉంటుంది, సరిదిద్దుకునే దారి ఉంటుంది. "నువ్వూ ఒక కొడుకువేనా" అన్నదానికి జవాబు లేదు. అది అతని కొడుకుతనాన్నే కొట్టేసింది. మన తెలుగు ఇళ్లలో బూతుల కంటే ఈ రకం మాటలే ఎక్కువమందిని విడదీశాయని, సంఘ పెద్దగా ఇన్నేళ్లు ఇళ్ల మధ్య తిరిగి చూశాక, నా గట్టి అభిప్రాయం. "మీ పుట్టింటి వాళ్లంతా ఇంతే", "నీ బతుకే అంత", "నువ్వు పుట్టకపోయినా బాగుండేది". తిట్టు మర్నాటికి మరుపున పడుతుంది. దెప్పిపొడుపు ఇరవై ఏళ్ల తర్వాత కూడా అన్నవాడి గొంతుతో సహా గుర్తుంటుంది. సామెతలు 12:18 వాటిని కత్తిపోట్లు అంటుంది.

మీరు ఫీజుల మాట ఎత్తారు. నిజంగా కట్టారు, ఎవరూ కాదనరు. నాన్నగారు పోయాక డిగ్రీ ఆపేసి ఉద్యోగంలో చేరి తమ్ముణ్ని ఇంజనీరింగ్ చదివించారని రాశారు. అది ప్రేమ, దేవుడు చూశాడు. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటను మనం దశమభాగాలకూ కానుకలకూ వాడతాం గానీ, ఇంట్లోవాళ్లకు చేసినదానికి ఎప్పుడూ వాడం. మీరు ఆ రోజు నలుగురిలో లెక్క చెప్పినప్పుడు, అన్నేళ్ల కింద ఇచ్చిన బహుమానం ఒక్క నిమిషంలో అప్పు అయిపోయింది. అతను ఇల్లు కొన్న రోజునే అతనికి అప్పులవాడన్న పేరు పడింది. నా అంచనా ప్రకారం, అతని మౌనానికి "కొడుకువేనా" అన్న మాట కంటే ఫీజుల మాటే పెద్ద కారణం. అందుకే మీరు వెళ్లినప్పుడు ఆ మాటను పేరుపెట్టి వెనక్కి తీసుకోవాలి.

మోషే సంగతి కూడా ఒకటి చెప్పాలి. సంఖ్యాకాండము 20లో నీళ్ల కోసం జనం గొడవపెట్టినప్పుడు మోషే వాళ్లను ద్రోహులారా అని పిలిచి, కర్రతో బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్లు వచ్చాయి, జనం తాగారు, పశువులు తాగాయి. పని జరిగింది. అయినా వాగ్దాన దేశంలోకి అతను అడుగుపెట్టలేకపోయాడు. దేవుడు చెప్పిన కారణం అతను నమ్మక, జనం కళ్ల ఎదుట ఆయన పరిశుద్ధతను సన్మానించకపోవడం. ఆ రోజునే గుర్తుచేస్తూ కీర్తన 106:33, అతను తన పెదవులతో కాని మాట పలికాడని కూడా చెబుతుంది. జనం తప్పే, అందులో సందేహం లేదు. ఎదుటివాడి తప్పు నిజమైనంత మాత్రాన మన మాట ఒప్పు అయిపోదు.

నోటి పాపం రెండు కొత్త వేషాల్లో మన మధ్య తిరుగుతోంది, వాటి నుంచి జాగ్రత్తగా ఉండండి. ఒకటి ప్రార్థన అంశం. "మా తమ్ముడి మనసు మారాలని ప్రార్థన చేయండి బ్రదర్" అంటూ ఉపవాస కూడికలో మొత్తం కథ చెప్పేస్తాం. ముఖ్యంగా చెన్నైలో మన తెలుగు సంఘాలు చిన్నవి, ఆవడిలో చెప్పింది సాయంత్రానికి తాంబరం చేరుతుంది. రెండోది వాట్సాప్ స్టేటస్. "పగ తీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును" అని ఎవరు చూడాలో వాళ్లు చూసేలా పెట్టడం. ఆ వచనం రోమా 12:19లో పగను దేవుడికి వదిలేయమని మనకు చెప్పింది, ఇంకొకరిని బెదిరించడానికి కాదు. మీరో, మీ ఇంట్లోవాళ్లో అలాంటిదేమైనా పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి.

ఇప్పుడు వెళ్లడం గురించి. లేవీయకాండము 6వ అధ్యాయంలో, పొరుగువాడిని మోసం చేసినవాడు మొదట తీసుకున్న సొత్తును తిరిగి ఇచ్చి, దానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలి, ఆ తర్వాతే అపరాధ పరిహారార్థ బలి. సువార్తలోని సుంకరి జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాం కదా అని మనిషికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టే వీలు పాత నిబంధనలోనూ లేదు, కొత్త నిబంధనలోనూ లేదు. డబ్బు అయితే లెక్క తేలిక. మాటకు అసలెంత, ఐదో వంతెంత? నేను చెప్పేది ఇది: మాట ఎంతమంది చెవుల్లో పడిందో అంతమంది చెవుల్లోనూ దాన్ని వెనక్కి తీసుకోవడం అసలు. దాని మీద అతనికి పోయిన గౌరవాన్ని కూడా చేతులారా తిరిగి పెట్టడం ఐదో వంతు. నలుగురిలో అన్న మాటకు వాట్సాప్‌లో "సారీ రా" సరిపోకపోవడం అందుకే. మీరు సారీ చెప్పినట్టు అతని అత్తమామలకు తెలియదు. వాళ్ల దృష్టిలో మీ తమ్ముడు ఇంకా తల్లికి అన్నం పెట్టనివాడే.

కాబట్టి మొదట అతని ఇంటికి ఒంటరిగా వెళ్లండి. పాస్టర్ గారిని తీసుకెళ్లొద్దు, మొదటిసారి తీసుకెళ్తే అది పంచాయతీ అయిపోతుంది. అతని భార్య ఎదుటే మాట్లాడండి, ఎందుకంటే ఆ రోజు ఆమె తల్లిదండ్రుల ముందు తల దించుకున్నది ఆమె. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు మీ నోటితోనే చెప్పండి: "అందరి ముందూ నిన్ను కొడుకువేనా అన్నాను. ఫీజుల లెక్క తీశాను. రెండూ తప్పు. నిన్ను చదివించింది నువ్వు నా తమ్ముడివని, దానికి నువ్వు నాకేమీ బాకీ లేవు. నన్ను క్షమించు." అక్కడ ఆపేయండి. "కానీ నువ్వు కూడా" అన్న మాట మీ నోటికి వస్తుంది, ఖచ్చితంగా వస్తుంది. దాన్ని మింగేయండి. "నీకు బాధ కలిగి ఉంటే" అని కూడా అనొద్దు, కలిగింది. "అప్పుడు కోపంలో ఉన్నాను", "షుగర్ ఎక్కువైంది", "నువ్వు రెచ్చగొట్టావు", ఇవన్నీ క్షమాపణను సంజాయిషీగా మార్చేస్తాయి. బయలుదేరే ముందు కీర్తన 141:3 ప్రార్థించండి, నోటికి కావలి పెట్టమని దావీదు అడిగిన ప్రార్థన.

వెంటనే జవాబు అడగొద్దు. అతను కూడా కోపంగా నాలుగు మాటలు అంటే వినండి, అది అతని హక్కు. యాకోబు పత్రిక 1:19 వినడానికి వేగిరపడమంటుంది. మీరిద్దరూ ఇంతవరకు వినని మాటలు ఆ గదిలో చాలా ఉన్నాయనుకుంటాను.

తర్వాత ఆ రోజు ఆకుల ముందు కూర్చున్నవాళ్ల దగ్గరకు వెళ్లండి. అందరికీ ఫోన్ చేయలేకపోవచ్చు. అతని అత్తమామలకు మాత్రం స్వయంగా చెప్పండి. పాస్టర్ గారికీ, మీ చుట్టాల్లో పెద్దవాళ్లకీ చెప్పండి. చెప్పే మాట చిన్నది చాలు: "ఆ రోజు నేను మా తమ్ముడి గురించి అన్నది తప్పు, దాన్ని మనసులో పెట్టుకోకండి." ఇది కష్టం. ముఖం చిన్నబోతుంది. ఆ రోజు అతని ముఖం అంతకంటే ఎక్కువే చిన్నబోయింది.

ఇంటి అమ్మకం మాట ఆ రోజు ఎత్తొద్దు. మీరు ఎంత మంచి మనసుతో ఎత్తినా, క్షమాపణ వెనక లెక్క ఉందని అతనికి అనిపిస్తుంది. లూకా 12:13లో ఒకతను యేసును తన సహోదరుడితో చెప్పి ఆస్తి పంచిపెట్టించమని అడిగితే ఆయన తీర్పరిగా ఉండటానికి ఒప్పుకోలేదు, లోభం గురించి హెచ్చరించాడు. ప్రభువు పక్కన పెట్టిన పనిని సంఘ పెద్దల నెత్తిన వేయకండి. పంపకాలు కాగితం మీద తేలాల్సిన విషయం. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే మన క్రైస్తవ కుటుంబాలకు సాధారణంగా 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా, ఆడపిల్లలకు కూడా. అంటే ఆ ఇంట్లో అమ్మకు స్వంత వాటా ఉంది, ఒంగోలులో ఉన్నారని రాసిన మీ చెల్లెలికీ ఉంది. మీరిద్దరూ మీ ఇద్దరిదే అన్నట్టు కొట్లాడుకున్నారు. ఒక లాయర్ని కలిసి నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి, ఒకట్రెండు నెలలు ఆగాకే.

అతను క్షమించకపోతే? రోమా 12:18లో పౌలు చాలా జాగ్రత్తగా రాశాడు: "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు." చేతనైనంత అన్న హద్దు ఉంది. అవతలి మనసు మీ చేతిలో లేదు. లూకా 15లో తప్పిపోయిన తమ్ముడు తిరిగొచ్చాడని తండ్రి విందు చేస్తే, పెద్ద కొడుకు కోపపడి లోపలికి వెళ్లలేదు. తమ్ముణ్ని తమ్ముడనకుండా తండ్రితో "ఈ నీ కుమారుడు" అంటాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతూ "ఈ నీ తమ్ముడు" అంటాడు. అతను లోపలికి వెళ్లాడా లేదా అన్నది ప్రభువు చెప్పకుండానే ఆపేశాడు. తండ్రి చేయగలిగింది తండ్రి చేశాడు. మీరు కూడా అంతే చేయగలరు. వెళ్లి, అడిగి వచ్చాక, అతను మౌనంగా ఉన్నా మీ అర్పణ మీరు తీసుకుని రావచ్చు. మొదట్లోనే చెప్పాను కదా, ఆదివారం బల్ల దగ్గరకు రమ్మని.

రాజీ అంటే పాత రోజులు తిరిగి రావడమే అనుకుని చాలామంది నిరాశపడతారు. ఆదికాండము 33 చదవండి. ఆశీర్వాదాన్ని మోసంతో లాక్కున్న యాకోబు ఇరవై ఏళ్ల తర్వాత అన్న ఏశావుకు ఎదురువెళ్తూ ముందుగా వందల సంఖ్యలో మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు పంపాడు, ఏడుసార్లు నేలకు వంగాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత? ఏశావు శేయీరుకు వెళ్లిపోయాడు, యాకోబు సుక్కోతుకు వెళ్లాడు. కలిసి కాపురాలు పెట్టలేదు. అయితే 35వ అధ్యాయం చివర తండ్రి ఇస్సాకు చనిపోతే ఏశావూ యాకోబూ ఇద్దరూ కలిసి పాతిపెట్టారు. మీకు పోరూరుకూ మీ ఇంటికీ మధ్య రోజూ రాకపోకలు ఉండకపోవచ్చు. అమ్మ మంచం దగ్గర ఇద్దరూ నిలబడగలిగితే అదీ సమాధానమే.

కాలం పడుతుంది. మన చెన్నైలోనే సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానికి మాటలు మొదలైంది 1919లో తరంగంబాడిలో. ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఐక్యత కోసం ముందు నిలబడ్డవాళ్లలో ఒకరు మన తెలుగునాట దోర్నకల్ బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ దినాన్ని చూడలేదు. అయినా ఆయన వేసిన అడుగు వృథా కాలేదు. సంఘాల మధ్య అంత పట్టిందంటే, ఇద్దరు అన్నదమ్ముల మధ్య కొన్ని నెలలు పట్టడం ఆశ్చర్యం కాదు.

ఇది చదివే అక్కచెల్లెళ్లలో ఎవరైనా, కొట్టే భర్త దగ్గరకు తిరిగి వెళ్లడమే సమాధానపడటం అనుకుంటే, దయచేసి అలా చదవకండి. పైన రాసినదంతా అన్నవాడు చేయాల్సిన పని, దెబ్బలు తిన్నవాళ్ల మీద మోపే బరువు కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారినీ ఇద్దరు చిన్న కొడుకులనూ సజీవంగా కాల్చేసినప్పుడు, ఆయన భార్య గ్లాడిస్ గారు హంతకులను క్షమిస్తున్నానని చెప్పారు. దోషులను చట్టం శిక్షించింది. క్షమాపణ పగను వదిలేస్తుంది, న్యాయాన్ని ఆపమనదు. ఇంట్లో హింస ఉంటే ముందు ప్రాణం కాపాడుకోండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. సర్దుకుపొమ్మని చెప్పే పెద్దలు, కాపరులు ఉంటే వాళ్లు వాక్యాన్ని తప్పుగా వాడుతున్నారు.

మళ్లీ మీ విషయానికి. మీరు వెళ్లి వచ్చాక కూడా చాలా వారాలు అతను కదలకపోతే, మత్తయి 18:16 చెప్పినట్టు ఒకరిద్దరిని వెంటబెట్టుకోవచ్చు. అక్కడి వరస తప్పు చేసినవాడిని సరిదిద్దడానికి, మీ ఇద్దరి మధ్య మాట కలపడానికి కూడా అదే పద్ధతి పనికొస్తుంది. నెల్లూరులో అయితే మేనమామో, పెదనాన్నో ఆ పని చేసేవారు. ఈ ఊళ్లో మనకు చుట్టాలు సంఘంవాళ్లే కాబట్టి మనిషిని చూసి ఎంచుకోండి. మీ తరఫున మాట్లాడేవారు వద్దు, అతను నమ్మేవారు కావాలి. అతని కాలేజీ రోజుల నుంచి బాగా ఎరిగిన యూత్ లీడర్ ఒకాయన సంఘంలో ఉన్నారని రాశారు. ఆయన్ని అడగండి. ఆయనకు కథంతా మీ వైపు నుంచి చెప్పకండి, "నేను తప్పు మాట అన్నాను, వెళ్లి అడిగాను, వాడు ఏం చెబుతాడో మీరు వినండి" అని మాత్రం చెప్పండి. ఈలోపు మీ పిల్లలు చిన్నాన్న ఇంటికి వెళ్తామంటే ఆపొద్దు. అమ్మను చూడటానికి అతను వచ్చే వేళ మీరు ఇంట్లో ఉండటం ఇబ్బందిగా ఉంటే, ఆ గంట మీరే బయటికి వెళ్లండి, అతను రావడం మానకూడదు.